బ్రేకు బాగానే ఉందన్నాను

మే 19, సోమవారం

పంక్చర్లు మూడు. చైను ఒకటి. గేరు వైరు ఒకటి. ఒక చక్రం వంపు తీశాను.

ఈ పుస్తకంలో ఇంతకు మించి ఎప్పుడూ రాయలేదు. ఏ సైకిలు వచ్చింది, ఏం చేశాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే లెక్క. ఈ రోజు ఇంకొకటి చేరింది.

మధ్యాహ్నం మరదలు మేడ దిగి వచ్చి నా భోజనం బల్ల మీద పెట్టింది. చేతిలో కాగితం. కొండ మీద నీళ్ళ ట్యాంకు దగ్గర తమ్ముడు చేసిన ఉద్యోగం ఆమెకే ఇచ్చారు. జూన్ రెండున చేరాలి.

"ఆ బండి బయటికి తీయండి బావగారూ."

"ఏ బండి?"

"మనకేమైనా పది ఉన్నాయా? ఆయనదే."

కొట్టు వెనక టార్పాలిన్ కింద పెట్టాను దాన్ని. ఇరవై అయిదు రోజులుగా అటు వెళ్ళలేదు.

"నడిచి వెళ్ళొచ్చు కదమ్మా," అన్నాను.

"నాలుగు కిలోమీటర్ల ఎక్కుడు. పొద్దున్నే ఆరింటికి వాల్వు తిప్పాలి. మీరు భుజాన ఎత్తుకెళ్తారా?"

"అది కాదు. ఆ దారిలో, ఆ బండి మీద..."

"బండేం చేసింది? బండి చంపలేదు ఆయన్ని. దూకుడు చంపింది. మీరే అన్నారుగా." కాగితం మడిచింది. "నాకు ప్రాణం మీద తీపి ఉంది. నేను చూసుకుని దిగుతాను. బ్రేకులు మాత్రం గట్టిగా చెయ్యండి."

ఆమె ఇంతవరకు ఏడవలేదు. వాడి చొక్కాలు మూటగట్టి అటక మీదికి విసిరేసింది. ఎవరైనా వాడి పేరెత్తితే, "భార్య కంటే వేగమే ఎక్కువైన మనిషి గురించి నాతో చెప్పకండి" అంటుంది.

మే 20, మంగళవారం

తమ్ముడి బండి తీశాను. హ్యాండిల్ వంగింది, సరిచేశాను. ముందు చక్రం మెలిక తీశాను, స్పోకులు అయిదు మార్చాను. రెండు పిడుల రబ్బరు మీదా బ్రేకు లివరు ఒత్తుకున్న గాడి ఉంది. పాతదే అయి ఉంటుంది. పిడులు మార్చేశాను.

బ్రేకులు: ముందూ వెనకా డిస్కులే, చక్రం నడిమిన తిరిగే ఇనుప బిళ్ళలు. లివరు మెత్తగా దిగిపోతోంది. వీధి చివర పల్లంలో తొక్కి చూశాను. ఆగాల్సిన చోటు దాటి పది గజాలు పోయింది.

పడినప్పుడు దెబ్బతిని ఉంటుంది.

తుడిచి పక్కన పెట్టాను.

మే 21, బుధవారం

బ్రేకు గొట్టాల్లో గాలి చేరి ఉంటుందని పాత ఆయిల్ తీసి కొత్తది ఎక్కించాను. సిరంజి కింది నుంచి నొక్కుతుంటే పైన మూడు నాలుగు బుడగలు వచ్చాయి. లివరు ఇప్పుడు రాయిలా ఉంది.

పల్లంలో చూశాను. లివరు రాయే, బండి మాత్రం పోతూనే ఉంది. నొక్కినట్టు చేతికి తెలుస్తోంది, చక్రానికి తెలియడం లేదు.

ఈ పని నాకు ఎవరూ నేర్పలేదు. డిస్కు బ్రేకుల బండ్లు ఈ వీధికి వచ్చి మూడేళ్ళు కాలేదు. మొదటిది విప్పి బిగించడానికి నాకు రెండు రోజులు పట్టింది. రెండో రోజు తమ్ముడు నిచ్చెన మెట్టు మీద కూర్చుని, "ఊడిపోయిన ముక్క ఏదైనా మిగిలితే నా జేబులో వేసుకుంటాలే అన్నయ్యా, ఎవరికీ చెప్పను" అన్నాడు. ఏ ముక్కా మిగల్లేదు.

తుడిచి పెట్టాను.

మే 22, గురువారం

పంక్చర్లు రెండు. ఆ బండి ముట్టుకోలేదు.

మే 23, శుక్రవారం

డిస్కును రెండు వైపులా పట్టే ప్యాడ్లు బయటికి తీశాను. ముఖాలు నల్లగా, నున్నగా, గాజులా ఉన్నాయి. గరుకు కాగితం బల్ల మీద పరిచి గుండ్రంగా రుద్దాను. రంగు తేలేదాకా. డిస్కులు స్పిరిటుతో రెండుసార్లు కడిగాను. ప్యాడ్ల మధ్య డిస్కు సరిగ్గా నడిమికి వచ్చేలా బోల్టులు వదులు చేసి, లివరు నొక్కి పట్టుకుని బిగించాను. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే రెండు వైపులా వెంట్రుకవాసి సందు.

మరదల్ని పిలిచాను. కొత్తగా రుద్దిన ప్యాడ్లకు డిస్కు అలవాటు కావాలి. కొంచెం వేగం పుంజుకోవడం, నిదానంగా పట్టడం, పూర్తిగా ఆగకముందే వదిలేయడం. అలా ఇరవైసార్లు. వీధిలో అటూ ఇటూ తిరిగింది. పన్నెండోసారికి బ్రేకు కరవడం మొదలుపెట్టింది. ఇరవయ్యోసారి గట్టిగా పట్టేసరికి వెనక చక్రం లేచింది. ఆమె కెవ్వుమంది, తర్వాత నవ్వింది. నెలరోజుల్లో అదే మొదటిసారి.

"డిస్కును వేలితో కూడా ముట్టుకోకమ్మా," అన్నాను. "చేతి జిడ్డు కూడా దానికి పడదు."

ఎదురు కొట్టు దర్జీ మిషను ఆపి బయటికొచ్చాడు.

"ఏం మేస్త్రీ, శిష్యురాలా?"

"ఉద్యోగంలో చేరుతోంది."

"అయితే బాగా తోమి ఇవ్వు. అద్దం మేస్త్రీ ఇంటి బండి అంటే, అందులో చూసి బొట్టు పెట్టుకునేలా ఉండాలి."

వీధిలో నాకు ఆ పేరే. నా దగ్గరికి వచ్చిన బండి మెరవకుండా వెళ్ళదు. దర్జీతో కాసేపు మాట్లాడుతూ బండి తుడిచి ఆమెకు ఇచ్చాను.

మే 24, శనివారం

పొద్దున్నే మరదలు బండి నెట్టుకుంటూ వచ్చింది. మోచెయ్యి గీసుకుపోయింది.

"ఇదేనా బావగారూ బాగుచేయడం? పాల బూత్ మలుపులో ఆగకుండా గోడకి పోయి గుద్దుకున్నా. పైగా వీధంతా లేచేలా అరుపొకటి."

తొక్కి చూశాను. నిజమే. నిన్న సాయంత్రం కరిచిన బ్రేకు ఈ రోజు జారుతోంది.

"ఆయన కూడా ఇదే అనేవాడు," అంది. "మా అన్నయ్య ఇచ్చిన రోజున బండి పెళ్ళికొడుకులా ఉంటుంది, ఆగమంటే మాత్రం మొండికేస్తుంది అని."

"నాతో ఎప్పుడూ అనలేదు."

"అనలేదా?"

"అనలేదు."

మే 25, ఆదివారం

అన్నాడు. ఒక్కసారి.

మే 26, సోమవారం

కొత్త ప్యాడ్లు. డిస్కులు కూడా మార్చాను, ముందుకంటే రెండు సెంటీమీటర్లు పెద్దవి. డిస్కు ఎంత పెద్దదైతే పట్టు అంత దూరం నుంచి పడుతుంది, అంత బలం. నేనే ఇరవైసార్లు తిప్పి అలవాటు చేశాను. చివరిసారి నొక్కితే బండి మేకు కొట్టినట్టు నిలబడింది. ఇంతకన్నా మంచి బ్రేకు ఈ వీధిలో ఏ బండికీ లేదు.

తుడిచి మెట్ల కింద పెట్టాను.

మే 27, మంగళవారం

పోయింది. మళ్ళీ పోయింది.

ప్యాడ్లు నాసిరకం అయి ఉండాలి. లేదా డిస్కులు. లేదా ఈ బండిలోనే ఏదో ఉంది.

"ఇంకా ఆరు రోజులే," అంది మరదలు. నా భోజనం పెట్టి, మెట్ల దగ్గర ఆగి, "వేరే మెకానిక్కు దగ్గరికైనా తీసుకెళ్ళనా?" అంది. తప్పుబట్టినట్టు కాదు, మెల్లగానే అడిగింది. అన్నం సగం వదిలేశాను.

మే 28, బుధవారం

కళ్ళ డాక్టరమ్మ తన బండి తెచ్చింది. ఆదివారాలు కొండల్లో తొక్కుతుంది. మాటకు ముందు నవ్వే మనిషి.

"మేస్త్రీ, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. మీ చేతిలో ఏం మహిమ ఉందో గానీ, ఇక్కడి నుంచి తీసుకెళ్ళినప్పుడల్లా బండి అద్దంలా ఉంటుంది, బ్రేకు ఏనుగులా ఘీంకరిస్తుంది. ఆగదు. పది రోజులు మట్టిలో తొక్కాక కొంచెం దారికొస్తుంది. నా బండికి మట్టే మందా?"

ప్యాడ్లు రుద్దాను, డిస్కులు స్పిరిటుతో కడిగాను. ఆమే తొక్కి, పట్టి, వదిలి, ఇరవై లెక్కపెట్టి వచ్చింది. "ఇదిగో, ఇలా ఉండాలి," అని దిగింది. వాళ్ళ ఆసుపత్రిలో ఒక ముసలాయన రెండు కళ్ళజోళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టుకొచ్చిన సంగతి చెబుతోంది. నేను వింటున్నాను. ఊఁ కొడుతున్నాను.

"అదేంటి?" అంది.

"ఏది?"

"మీ చేతిలో."

చూసుకున్నాను. ఎడమ చెయ్యి చక్రం తిప్పుతోంది. కుడి చేతిలో గుడ్డ. గుడ్డ డిస్కు మీద ఉంది.

"ఏం లేదు. తుడుస్తున్నాను."

"దేనితో?"

ఇంతకంటే ఈ రోజు రాయను.

మే 29, గురువారం

కొట్టు తెరవలేదు.

గుడ్డ సంగతి రాస్తాను. పాత బనీను ముక్క. కిరసనాయిలు, మిషను నూనె సగం సగం కలిపి తడుపుతాను. ఆ పాళ్ళు నేను కనిపెట్టుకున్నవే. దానితో తుడిస్తే ఇనుము తుప్పు పట్టదు, రంగు మెరుస్తుంది. పాత సైకిళ్ళకు బ్రేకు రిమ్ముకు పడుతుంది, కాబట్టి రిమ్ముకు నూనె తగలనివ్వను. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా తగలనివ్వలేదు. చక్రం నడిమిన ఉండే హబ్బుకు మాత్రం బాగా పట్టిస్తాను. డిస్కు ఉండేది అక్కడే, హబ్బును ఆనుకుని. స్పిరిటుతో కడగాలని నాకు తెలుసు. వేలు పెట్టొద్దని పక్కవాళ్ళకు చెబుతాను. పని అయిపోయాక, ఎవరితోనో మాట్లాడుతూ, నా చెయ్యి హబ్బును తుడిచినట్టే దాన్నీ తుడుస్తుంది. ఆ నూనె ప్యాడ్లు తాగేస్తాయి. ఆ తర్వాత ఎంత నొక్కినా జారుడే.

తొక్కి చూసేది తుడవక ముందు. తుడిచాక ఎక్కను, మెరుపు పోతుందని.

పుస్తకం వెనక్కి తిప్పాను.

"ఏప్రిల్ 23, బుధవారం. తమ్ముడి బండి. రెండు బ్రేకులూ చూశాను. బాగానే ఉన్నాయి. తుడిచి ఇచ్చాను."

ఆ సాయంత్రం వాడు, "అన్నయ్యా, బ్రేకు మెత్తగా ఉంది. గట్టిగా పట్టినా జారుతోంది," అన్నాడు.

"నీ చేతులే మెత్తబడ్డాయి. పెళ్ళయ్యాక సుఖం మరిగావు," అన్నాను.

చక్రం పైకెత్తి తిప్పి లివరు నొక్కాను. ఆగింది. గాల్లో తిరిగే చక్రం పసిపిల్ల నొక్కినా ఆగుతుంది. దాని మీద మనిషి బరువు లేదు.

వాడు నవ్వి, "నువ్వు బాగుందంటే బాగున్నట్టే," అని తీసుకెళ్ళాడు.

మర్నాడు కొండ దారి మూడో మలుపులో వాడిని చాప మీద పడుకోబెట్టి ఉంచారు. నీళ్ళ ట్యాంకు సూపర్‌వైజరు నేల చూపించాడు. "టైరు గీత కూడా లేదు. బ్రేకే వెయ్యలేదు." అని నా వైపు తిరిగాడు. "బ్రేకులు ఎలా ఉన్నాయి మేస్త్రీ?"

"నిన్ననే నేను చూశాను. బ్రేకు బాగానే ఉంది. వాడిదే దూకుడు," అన్నాను.

మరదలు అక్కడే ఉంది. అప్పటిదాకా ఏడుస్తోంది. ఆ మాట విని ఏడుపు ఆపేసింది.

బ్రేకు సంగతి అడిగారు, చెప్పాను. దూకుడు అన్న మాట నన్నెవరూ అడగలేదు. నేనే కలిపాను.

మే 30, శుక్రవారం

మళ్ళీ కొత్త ప్యాడ్లు. డిస్కులు స్పిరిటుతో. గుడ్డ పొయ్యిలో వేశాను. బండి తుడవలేదు. బ్రేకు పడుతోంది.

చెప్పలేదు.

మే 31, శనివారం

బ్రేకు ఇంకా పడుతోంది. చెప్పలేదు.

జూన్ 1, ఆదివారం

మరదలు బండి తీసుకుని కొండ సగం దాకా వెళ్ళి దిగి వచ్చింది. చెమటతో, మట్టితో, ముఖం వెలిగిపోతూ.

"మొత్తానికి సాధించారు! రెండు వేళ్ళతో పట్టినా ఆగుతోంది. ఏమైంది దానికి ఇన్నాళ్ళూ?"

"ప్యాడ్లు నాసిరకం," అన్నాను.

బండి గోడకు చేర్చింది. ముఖంలో వెలుగు పోయింది.

"చూశారా? బండి ఆగుతుంది. ఆగాలని ఆయనకే లేదు. ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానని ఆ మలుపులో గుర్తొచ్చి ఉంటే చాలు, ఒక్క వేలైనా వేసేవాడు."

నేను రెంచీలు సర్దుకుంటూ ఉండిపోయాను. సర్దినవే మళ్ళీ సర్దాను.

జూన్ 2, సోమవారం

ఆమె ఉద్యోగంలో చేరింది. క్షేమంగా దిగి వచ్చింది.

అక్కడ సూపర్‌వైజరు, "మీ ఆయనలా ఎగరకమ్మా, మాకు మళ్ళీ కాగితాలు రాసే ఓపిక లేదు" అన్నాడట. అందరూ నవ్వారట. ఆమె కూడా నవ్విందట. చెబుతూ మళ్ళీ నవ్వింది. ఆ నవ్వు వినడం కష్టమైంది.

జూన్ 3, మంగళవారం

మెట్లు సగం ఎక్కి దిగాను. రెండుసార్లు.

జూన్ 4, బుధవారం

ఎక్కాను.

ఆమె కింద కూర్చుని వాడి యూనిఫాం చొక్కా పక్క కుట్లు విప్పుతోంది, తనకు సరిపడేలా కుట్టుకోవడానికి. అటక మీది మూట దింపింది. కావలసిన ఒక్క చొక్కా తీసి, మూట మళ్ళీ కట్టేసింది.

"రండి బావగారూ. అక్కడే నిలబడ్డారేం?"

గడప దగ్గరే కూర్చున్నాను.

"బ్రేకు సంగతి చెప్పాలి."

"మళ్ళీ పోయిందా? పొద్దున బాగానే ఉందే."

"నీ బ్రేకు కాదమ్మా. వాడిది."

చెప్పాను. గుడ్డ, నూనె, ఏప్రిల్ ఇరవై మూడు, వాడు అన్న మాట, నేను అన్న మాట. రాసిన వరుసలోనే చెప్పాను. వేరే వరుస నాకు రాదు.

ఆమె చేతిలో దారం అలాగే ఉంది. ఒకటే అడిగింది.

"అయితే ఆయన పట్టుకున్నాడా?"

"ఏంటమ్మా?"

"బ్రేకు. ఆయన బ్రేకు పట్టుకున్నాడా?"

"పట్టుకున్నాడు. రెండూ. పిడుల రబ్బరు మీద లివరు దిగిన గాడి ఉంది, అంత గట్టిగా. నేను చూశాను. పాతదనుకున్నాను. కాదు, పాతదే అనుకోవాలని అనుకున్నాను. చక్రం బిగుసుకుంటేనే నేల మీద గీత పడుతుంది. నూనె పట్టిన డిస్కు చక్రాన్ని బిగించదు. అందుకే గీత లేదు. మలుపు పై నుంచి కింది దాకా వాడు పట్టుకునే ఉన్నాడు."

చొక్కా ఒళ్ళోకి లాక్కుంది.

"మీకెప్పుడు తెలిసింది?"

"వారమైంది."

"నలభై ఒక్క రోజులు తిట్టాను ఆయన్ని. కలలోకి వస్తే మొహం తిప్పుకున్నాను. కింద మీరు వింటూనే ఉన్నారు." గొంతు పెంచలేదు. "తెలిశాక కూడా వారం విన్నారు. మొన్న నేను నవ్వుతుంటే చూస్తూ కూర్చున్నారు."

"తప్పేనమ్మా."

"నాకు చెప్పి ఏం లాభం? ఎవరి ముందు అన్నారో వాళ్ళ ముందు చెప్పండి. రేపు పొద్దున నాతో రండి."

ఈ రాత్రికి భోజనం రాలేదు. నేనూ ఎదురుచూడలేదు.

జూన్ 5, గురువారం

అయిదింటికి బయలుదేరాం. ఆమె బండి నెట్టుకుంటూ ముందు, నేను వెనక. ఒకచోట ఎక్కుడు బాగా నిటారుగా ఉంది. బండి వెనక చెయ్యి వేయబోయాను. "వద్దు," అంది.

సూపర్‌వైజరు, వాల్వు మనుషులిద్దరూ, గేటు దగ్గర కాపలా ముసలాయన టీ తాగుతున్నారు. ఆ రోజు మలుపులో ఉన్నవాళ్ళే.

"ఏం మేస్త్రీ, మరదలికి కాపలానా?" అన్నాడు సూపర్‌వైజరు.

"ఆ రోజు నేను తప్పు చెప్పాను," అన్నాను. "బ్రేకు బాగా లేదు. దాన్ని పాడుచేసింది నేనే. డిస్కుకు నూనె పట్టించాను. వాడు వేగంగా రాలేదు. ఆపాలని చూశాడు. ఆగలేదు."

టీ గ్లాసులు చేతుల్లోనే ఉండిపోయాయి.

సూపర్‌వైజరు నన్ను పక్కకు లాగాడు. "ఎందుకయ్యా ఇప్పుడు? పోయినవాడు తిరిగొస్తాడా? రేపట్నుంచి నీ కొట్టుకి ఎవడొస్తాడు?"

"ప్రమాదాల రిజిస్టరు తీయండి."

"తీసి?"

"అతివేగం అని రాశారు కదా. అది కొట్టేయండి."

లోపలికి వెళ్ళి తెచ్చాడు. పేజీ వెతకడానికి చాలాసేపు పట్టింది. గీత కొట్టి, కింద ఏదో రాసి, నా చేత సంతకం పెట్టించాడు.

"చదవండి," అంది మరదలు.

"రాశాను కదమ్మా."

"నవ్వినప్పుడు అందరికీ వినబడేలా నవ్వారుగా. ఇదీ అలాగే చదవండి."

చదివాడు. "వేగం కారణం కాదు. బ్రేకు పనిచేయలేదు. వాల్వు ఆపరేటరు తప్పు లేదు." కాపలా ముసలాయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మంచి పిల్లాడమ్మా," అన్నాడు. "రోజూ గేటు దగ్గర దిగి, నన్ను పలకరించే పోయేవాడు." నలభై రెండు రోజుల్లో ఆమెతో ఆ మాట అన్న మొదటి మనిషి.

ఆమె డ్యూటీ రెండింటికి అయింది. నేను గేటు బయట కూర్చుని ఉన్నాను. బండి ఎక్కలేదు, నడిపించుకుంటూ దిగింది. నేను పది అడుగుల వెనక నడిచాను.

మూడో మలుపు దగ్గర ఆగింది. బండి స్టాండు వేసింది. రోడ్డు అంచున, రాళ్ళ పక్కన, రెండు చేతులూ నేల మీద ఆనించి కూర్చుంది. భుజాలు కదలడం మొదలైంది. ఆ రోజు నా మాటతో ఆగిన ఏడుపు.

దగ్గరికి వెళ్ళాలో వద్దో తెలియక నిలబడిపోయాను.

"బావగారూ," అంది, తిరక్కుండానే. "మీరు వెళ్ళండి."

"ఒక్కదానివే ఎలా అమ్మా..."

"ఒక్కదాన్ని కాదు. నేను ఆయనతో మాట్లాడాలి."

ఆమెను దాటి దిగాను. వెనక నుంచి గొంతు వినిపించింది. మెల్లగా, ఇంట్లో పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు. మాటలు తెలిసేలోపే నడక పెంచాను. అవి నేను వినకూడదు.